వసకొమ్ము

నా బంగారు తల్లి వర్షితకు, జహీరాబాద్ నుంచి బాపు కోటి దీవెనలు.

బతికి వచ్చాను బిడ్డా. గుండె కొత్త మోటారులాగ కొట్టుకుంటోంది. బైపాస్‌కని కాలులోంచి నరం తీశారు కదా, ఆ కోసిన చోట చీము పట్టి మళ్ళీ దవాఖానలో వేశారు. అదీ మానింది. ఇక మిగిలింది గొంతే. గాలిగొట్టం చాలా రోజులు ఉంచేసరికి గొంతు నరం దెబ్బతిన్నదట. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు. రోజూ ‘ఆ’ అని సాధన చెయ్యి, వస్తే రావచ్చు అన్నాడు డాక్టరు. అందుకే ఫోన్లో పలకడం లేదు, కోపం చేసుకోకు. ఫోన్లో రాయడం నాకు రాదు, నా ఐదో తరగతి చదువుకు ఈ కాగితమే దిక్కు.

ఊళ్ళో నన్ను వసపిట్ట అనేవాళ్ళు. కంది కోసే కూలీలకు కూడా కబుర్లు చెప్పి పని ఆపించేవాణ్ణి. మాట లేకుండా బతకడం నా వల్ల కాదు తల్లీ.

కానీ సంతోషం ఏమంటే, మీ అమ్మ. చంటిపిల్లలకు మాటలు రావాలని వసకొమ్ము నాకిస్తారు కదా, అట్ల రోజూ పొద్దున్నే సాన మీద తేనెతో అరగదీసి నా నాలుకకు రాస్తోంది. నాలుక చురుక్కుమంటుంది. మందు పట్టిందని నా మనసు గంతులేస్తుంది. ఝరాసంగం పోయి దేవునికి మొక్కుకుని కూడా వచ్చింది. భాగీరథి ఇంత ప్రేమ దాచుకుందని నాకు తెలియనే లేదు. గొంతు రానీ, మొదట పిలిచేది ఆమెనే.

నీ బాపు
సదాశివ

నా ప్రాణమా, వర్షితా,

గొంతు వచ్చింది. నిన్న మిద్దె మీద సాధన చేస్తుంటే ఎండుకట్టె విరిగినట్టు ‘ఆ’ అని వచ్చింది. మళ్ళీ అన్నాను, మళ్ళీ వచ్చింది. ఏడ్చాను, నవ్వాను, కాలు నొప్పి మరిచి మెట్లు దిగాను. వంటింట్లో మీ అమ్మ పక్కింటి మణెమ్మతో ఉంది. వసకొమ్ము అరిగిపోయి ఉంటుంది, అంగడి నుంచి తేనా అని మణెమ్మ అడుగుతోంది.

“వస గాదక్కా, సొంటి. వస నాకిస్తే మాటొస్తదని సొంటి రాస్తున్న,” అంది మీ అమ్మ.

మణెమ్మ నవ్వింది. “గంత కష్టమొచ్చిందా నీకు?”

“పెండ్లయిన కాడికెళ్లి ఆయన చెప్తనే ఉన్నడు, నేను వింటనే ఉన్న. మా అవ్వ సచ్చిన్నాడు గూడ నన్ను ఏడ్వనియ్యలే, ఓదారుస్తనే ఉన్నడు. ఆయన పానం సల్లగుండాలె, గొంతు మాత్రం రావద్దని మొక్కిన. ఇప్పుడే ఇంట్ల నా మాట నాకు వినవడుతున్నది.”

వంటింటి బయటే ఆగిపోయాను. ఆమె తల్లి పోయిన రోజు నేనెంత బాగా ఓదార్చానో మీ అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి బిడ్డా.

అయినా ఆగలేకపోయాను. పిలవాలని ఎన్నాళ్ళుగా దాచుకున్న పిలుపు అది. గడపలో నిలబడి “భాగీ” అన్నాను. ఆమె చేతిలోని పిండిపళ్ళెం పడిపోయింది. అట్లనే కింద కూచుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మణెమ్మ వీధిలోకి పోయి, మొగని గొంతు వచ్చిందని ఎంత సంబరపడి ఏడుస్తుందో చూడండి అని అందరికీ చెప్పింది. వచ్చినవాళ్ళంతా నన్ను మాట్లాడమన్నారు. నేను నోరు తెరిచి, గొంతు పట్టుకుని, మళ్ళీ పోయిందని చెయ్యి ఊపాను.

ఉంది బిడ్డా. మిద్దె మీద మెల్లగా నీ పేరు అనుకుని చూశాను, బాగానే పలుకుతోంది. ఇక ఎవరి ముందూ పలకను. నువ్వు ఫోన్ చేసినా పలకను. మీ అమ్మకు చెప్పకు.

నిన్న జనం పోయాక ఆమె చాలాసేపు నా ముఖంలోకి చూసింది. నేను గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను. కళ్ళు తుడుచుకుని పొయ్యి ముట్టించింది. ఇప్పుడు జొన్నరొట్టె తడుతూ ఏదో పాట మెల్లగా పాడుకుంటోంది. ఆమెకు పాట వచ్చని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

నీ బాపు
సదాశివ