నిన్న ఏం తింది?

చిట్టమూరు, ఆదివారం

నిషాత్ నాన్నకు సలాం. నేను బాగానే ఉన్నాను, దిగులు పడకండి.

ప్రభుత్వ పథకాలు ఊళ్ళలో ఎలా నడుస్తున్నాయో చూసి రిపోర్టు రాసే మాలాంటి వాళ్ళకు నెలాఖరు దాకా ఇక్కడే శిక్షణ. మొన్న కుళాయిల సంగతి చూడడానికి ఒక పల్లెకు పోయాం. "నీళ్ళు వస్తున్నాయా అవ్వా?" అని ఒక ముసలామెను అడిగాను. "వస్తుండాయిలే మా" అంది. అదే రాసుకున్నాను. మాతోపాటే శిక్షణలో ఉన్న కావలి మదార్ అన్న నా వెనకే వచ్చి, "నిన్న ఈ బిందె యాడ నింపినావు అవ్వా?" అన్నాడు. "చేతిపంపు కాడ నాయనా. కుళాయిలో నీళ్ళు రాక నాలుగు దినాలాయె" అంది.

సాయంత్రం ఎవరి పొరపాటు వాళ్ళు అందరి ముందూ చెప్పాలి. నాది చెబుతుంటే మీరు గుర్తొచ్చారు. రోజూ ఫోనులో "పాప బాగుందా" అంటాను. మీరు కుట్టుమిషను ఆపకుండానే "బాగుండాది" అంటారు. నేను పెట్టేస్తాను.

అందుకే ఈ కార్డు. నిన్న రాత్రి నిషాత్ ఏం తింది? బడికి జడ ఎవరు వేశారు? నా పచ్చ చున్నీ దండెం మీదే ఉందా, పాప పక్కలోకి చేరిందా? మీరూ కార్డు మీదే జవాబు రాయండి.

అత్తమ్మకు మోకాళ్ళ నూనె అయిపోయి ఉంటుంది, తెచ్చివ్వండి. నా సలాం చెప్పండి.

నేను బాగున్నానా అని మాత్రం అడగొద్దు. నిన్న సాయంత్రం ఇక్కడి బస్టాండులోంచి మన నెల్లూరుకు ఎన్ని బస్సులు పోయాయో అడగండి, చెప్తాను.

మీ సాహిరా