రెండో లైన్ ఉంది కదా

మార్చి 3, సోమవారం

కొత్త బ్లేడ్ సర్వర్లు రెండూ స్లాట్లలో పెట్టాను. లేవలేదు. సర్వర్లన్నిటినీ మోసే పెట్టె, ఛాసిస్, వాటికి పవర్ ఇవ్వనంది.

దాని లెక్క దానికుంది. ఆ పెట్టెలో ఆరు పవర్ సప్లైలు. మూడు ఒక కరెంటు లైన్ మీద, మూడు ఇంకో లైన్ మీద. ఒక లైన్ పోయినా రెండోది మొత్తం మోయాలి కాబట్టి సగం పవర్ ఎప్పుడూ అట్టేపెట్టి ఉంచుతుంది. మిగతా సగం పాత బ్లేడ్లకే సరిపోయింది. ఊళ్లో ఎవరు అంబులెన్స్ కోసం ఫోన్ చేసినా ఆ కాల్ ఈ పెట్టెలోంచే పోవాలి. సగం అట్టేపెట్టాల్సిందే.

మేనేజర్‌కి అదే చెప్పాను. కొత్తవి గోడ మీద అంబులెన్సుల పెద్ద మ్యాప్ చూపించడానికి. గురువారం పైవాళ్లు వస్తున్నారు. సగం అట్టేపెట్టే ఆ రిడెండెన్సీ ఏదో తీసెయ్యమ్మా, నాలుగు రోజులేగా అన్నాడు. మెయిల్ పెట్టండి సార్ అన్నాను. మనలో మనకి మెయిళ్లేంటమ్మా అని నవ్వాడు.

తీసేశాను. ఒక్క క్లిక్. పదేళ్లుగా ఎవర్నీ ముట్టుకోనివ్వని సెట్టింగ్.

మార్చి 6

పైవాళ్లు వచ్చారు. మ్యాప్ ముందు ఫోటోలు దిగారు. ఏడు నిమిషాలు ఉన్నారు.

మార్చి 10

సెట్టింగ్ మళ్లీ పాతలా పెడతానని మేనేజర్‌తో అన్నాను. పెడితే కొత్త బ్లేడ్లు ఆపాలి. మ్యాప్ అందరికీ నచ్చిందట, ఉంచమన్నాడు. ఇంకా పెద్ద పవర్ సప్లైలకి ఆర్డర్ పెట్టాడట. గట్టిగా అడగడానికి మొహమాటం. నా మొహమాటం తగలెయ్య.

మార్చి 19, బుధవారం

ఏం రాయను.

పొద్దున పదింటికి ఎలక్ట్రీషియన్ బాబాయ్ తలుపు దగ్గరికొచ్చాడు. ఆఫీసులో అందరికీ ఆయన బాబాయే. ఒక లైన్‌లో బ్రేకర్ వేడెక్కుతోంది తల్లీ, అరగంట ఆపి మార్చేస్తా, పర్లేదా అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు. రెండో లైన్ ఉంది కదా బాబాయ్, కానివ్వండి అన్నాను. పదేళ్లుగా అంటున్న మాట. నోటికి వచ్చేసింది.

ఆయన మెట్లు దిగుతుంటే కూడా నేను తీసేసిన సెట్టింగ్ గుర్తు రాలేదు. ఫ్యాన్ల హోరు ఆగాక గుర్తొచ్చింది. మిగిలిన మూడు సప్లైలూ ఆ బరువు మోయలేక ఒకదాని వెనక ఒకటి పడిపోయాయి. సర్వర్ రూములో అంత నిశ్శబ్దం ఎప్పుడూ వినలేదు. పక్క హాల్లో కాల్ తీసే అమ్మాయిలు హలో, హలో అంటున్నారు.

కొత్త బ్లేడ్లు పీకి పారేసి పాతవి ఒక్కొక్కటే లేపాను. పంతొమ్మిది నిమిషాలు.

మధ్యాహ్నం వాష్‌బేసిన్ దగ్గర ఒక ఆపరేటర్ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. భార్యకి ఊపిరాడట్లేదని ఒకాయన అరుస్తుండగా లైన్ తెగిందట. అడ్రస్ సగమే చెప్పాడట. చివరికి పక్కింటివాళ్ల కారులో తీసుకెళ్లాడట. దారిలోనే పోయిందట ఆవిడ.

మార్చి 20

అన్నం కలిపి లేచిపోయాను. ఏమైందే అంది అక్క. తలనొప్పన్నాను.

మార్చి 24

ఎంక్వైరీ. ముందు బాబాయ్‌ని పిలిచారు, తర్వాత నన్ను. లైన్ ఆపేముందు అతను మిమ్మల్ని అడిగాడా అన్నాడు ఆఫీసర్. పక్కనే మేనేజర్ కూర్చుని పెన్ను క్యాప్ తీస్తున్నాడు, పెడుతున్నాడు.

గుర్తు లేదండీ అన్నాను.

అతను కూడా ఎవర్నీ అడగలేదనే రాసిచ్చాడు లెండి అన్నాడు ఆఫీసర్.

మార్చి 28

బాబాయ్ సస్పెండ్. నాకు మెచ్చుకుంటూ లెటర్. పంతొమ్మిది నిమిషాల్లోనే సిస్టమ్ లేపినందుకు.

మార్చి 30, ఆదివారం

బాబాయ్ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో ఎవరిదో టేబుల్ ఫ్యాన్ విప్పుకుని కూర్చున్నాడు. పిన్ని నీళ్లిచ్చింది. ఆవిడకి ఏమీ తెలియదు. ఆఫీసు నుంచి నువ్వొక్కదానివే వచ్చావమ్మా అంది.

పిన్ని లోపలికి వెళ్లాక, ఎందుకలా రాసిచ్చారు బాబాయ్ అన్నాను. స్క్రూలు ఏరుకుంటూనే చెప్పాడు. నీ పేరు చెప్తే నన్నొదిలేస్తారా తల్లీ, ఇద్దరం మునుగుతాం, నాకెటూ ఏడాదే సర్వీసు అన్నాడు. ఏరిన స్క్రూలు పక్కన పెట్టి, నువ్వు చూసే చెప్పావనుకున్నా అన్నాడు.

తిట్టినా బాగుండేది.

మార్చి 31

జరిగిందంతా రెండు పేజీలు రాసి ఆఫీసర్ చేతికిచ్చాను. నా అబద్ధంతో సహా. చదివాడు. మడిచి నాకే ఇచ్చేశాడు. రిపోర్ట్ పైకి వెళ్లిపోయింది, మీరు కూడా పోతే ఆ రూము చూసేదెవరు, వెళ్లి పని చూసుకోండి అన్నాడు.

అదే కాగితం పైవాళ్లకి పోస్టులో పంపాను.

ఏప్రిల్ 8

జవాబు లేదు.

ఏప్రిల్ 9

సెక్యూరిటీ పిలిచాడు, ఎవరో కాల్ రికార్డింగ్ కోసం వచ్చారని. ఆయనే. ఆ రోజు లైన్ తెగినాయన. గొడవకి రాలేదు. నేను ఫోన్లో అరుస్తుంటే మా ఆవిడ పక్కనుంచి ఏదో అందండీ, నాకు వినపళ్లేదు, మీ దాంట్లో పడిందేమో అన్నాడు.

వెతికాను. ఫైలుంది. నిడివి సున్నా సెకన్లు.

ఇంకోసారి చూడమన్నాడు. చూశాను.