మా అమ్మ ఎత్తిన చెయ్యి

1941 జూన్ 4, బుధవారం

అమ్మకు ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. చింతగింజ కన్నా పెద్దది. గట్టిగా, కదలకుండా ఉంది. ఎన్నాళ్ళయిందంటే ఉగాది ముందు నుంచి అన్నది. నేను దవాఖానలో నర్సును. నాలుగేళ్ళుగా ఆడవాళ్ళ సర్జికల్ వార్డులోనే నా డ్యూటీ. ఒకే ఇంట్లో ఉంటూ కూడా మా అమ్మ గడ్డ నాకు తెలియలేదు.

జూన్ 6

సర్జన్ డాక్టర్ విశ్వేశ్వర్ చూశారు. చంకలో కూడా వేళ్ళు పెట్టి చూశారు. నా వైపు తిరిగి కాన్సర్ అన్నారు. అమ్మ నా ముఖం చూసి, "రాచపుండేనా?" అని తానే అడిగింది.

ఆపరేషన్ చేసి, కుట్లు మానాక ఎక్స్‌రే ట్రీట్‌మెంట్ ఇవ్వాలన్నారు. తప్పక నయమవుతుందా అని అమ్మ. మాట ఇవ్వలేను, కానీ నాకు తెలిసినంతలో ఇదే మంచి దారి అన్నారు. అబద్ధం ఆడని మనిషి అని గౌలిపురలో మా ఇంటి దాకా మెచ్చుకుంటూ నడిచింది.

జూన్ 9

ఇంట్లో లొల్లి. అన్న కొండల్ ఎవరో కైలాసం అనే వైద్యుణ్ణి తీసుకొచ్చాడు. గడ్డ మీద నల్లటి ముద్ద ఒకటి కడతాడట. తొమ్మిది రోజుల్లో వేరుతో సహా ఊడిపడుతుందట. తన చేతిలో బాగుపడ్డ ముగ్గురు ఆడవాళ్ళ పేర్లు చెప్పాడు. నేను అరిచాను.

"నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్చినవని అమ్మను కోయిస్తవా?" అన్నాడు అన్న. భయంతో అన్నాడని తెలుసు. అయినా నొప్పి కలిగింది.

మేం ఇట్లా కొట్లాడుతుంటే అమ్మ వెళ్ళి ఎనిమిది బర్రెలకూ కుడితి పెట్టి వచ్చింది. ఆ ముగ్గురి ఇండ్లు ఎక్కడని మాత్రం కైలాసాన్ని అడిగింది.

జూన్ 12

అమ్మ మూడిండ్లకూ పోయి వచ్చింది! పాలు పోసే మనిషి, ఏ గల్లీలో అడుగుపెట్టినా ఎవరూ అడ్డుచెప్పరు.

మొదటి ఇంటి ఆమెకు వచ్చింది మామూలు సెగ్గడ్డ. రెండో ఇంట్లో అట్లాంటి మనిషే లేదు. మూడో ఇల్లు చార్మినార్ వెనక, బట్టల వ్యాపారుల కోడలు సుగుణమ్మది. ముద్ద కట్టిన మాట నిజం. పైన మాంసం కాలి ఊడిపోయింది. కింద రోగం అట్లాగే ఉంది, పెరిగింది కూడా. ఆమె కట్టు విప్పి చూపిందట. అమ్మ ఆ పుండు కడిగి, మళ్ళీ కట్టు కట్టి వచ్చింది.

కాళ్ళు కడుక్కొని లోపలికి వచ్చి అన్నది: "కొండల్, ఆ కైలాసంను మన వాకిట్ల అడుగు పెట్టనియ్యకు. బిడ్డా, డాక్టర్ సాబ్‌కు చెప్పు. కోయమను."

అన్న తల ఎత్తలేదు. మా దవాఖానలో చదువుకున్నవాళ్ళను ఎందరినో చూశాను. ఇట్లా తానే పోయి తేల్చుకొని వచ్చిన మనిషిని చూడలేదు.

జూన్ 17

ఆపరేషన్ అయింది. స్పృహ వచ్చాక మొదటి మాట: "బర్లకు నీళ్ళు పెట్టిండా వాడు?"

జూలై 20

ఎక్స్‌రే మొదలై పది రోజులు. వాంతులు. మెతుకు సహించడం లేదు. ఎడమ చెయ్యి భుజం ఎత్తుకు కూడా లేవదు. హకీం సాబ్ మందు కావాలంటుంది. చార్మినార్ దగ్గర యునానీ మందులిచ్చే ముసలాయన, ముప్పై ఏళ్ళుగా మా పాలే పోయించుకుంటాడు.

వద్దన్నాను. బయటి మందు దొరికితే వార్డు నుంచి అమ్మ పేరు కొట్టేస్తారు. నా ఉద్యోగం ఫికర్ కూడా ఉంది, దాచడమెందుకు.

"దొంగతనంగ తాగుత అన్ననా? చెప్పే తాగుత" అన్నది.

జూలై 22

హకీం సాబ్ దగ్గరికి పోయాను. అంతా విన్నాడు. ఇది సర్తాన్, మీరనే కాన్సరే బేటీ, దీన్ని కరిగించే మందు నా దగ్గర లేదు, ఉందన్నవాణ్ణి నమ్మకు అన్నాడు. ఆకలి, నిద్ర, చెయ్యి, ఈ మూడూ చూస్తానన్నాడు. ఏ మందులో ఏముందో అంతా ఉర్దూలో రాసిచ్చాడు. ప్రతి పేరు పక్కన నేను ఇంగ్లీషులో రాశాను.

జూలై 23

రౌండ్స్‌లో డాక్టర్ గారు రాగానే అమ్మ లేచి కూర్చుని ఆ చీటీ చాచింది.

"మీరు కోసిన్రు, మంచిగనే కోసిన్రు. కాని బుక్కెడు అన్నం లోపటికి పోకపోతె మీ ఎక్స్‌రే కరెంటుకు ఎట్ల తట్టుకోవాలె? ఇండ్ల విషముంటె గీత కొట్టున్రి. లేదంటె దస్కత్ పెట్టున్రి."

నేను నేల చూస్తున్నాను.

ఆయన నిలబడే చదివారు. సోంపు నుంచి దించిన అర్క్, బార్లీ నీళ్ళు, గుల్‌కంద్, చేతికి మర్దన నూనె. చివర ఒక కుష్తా ఉంది. నేను రాసింది చూసి, ఇందులో ఉన్నది పాదరసమేనా అని అడిగారు. అవును, పాదరసం భస్మం అన్నాను. దాన్ని కొట్టేశారు. ఎక్స్‌రే తగిలిన చర్మానికి నూనె గాని లేపం గాని తాకరాదని ఎర్ర సిరాతో రాసి, సంతకం పెట్టారు. ఆ చీటీ కేస్ షీట్‌కు చేరింది!

అదే రోజు, సాయంత్రం 5

ఎర్ర గీత గురించి హకీం సాబ్‌కు చెప్పడానికి పోయాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కోపం వచ్చిందనుకున్నాను. నా చీటీని ఒక డాక్టర్ చివరి దాకా చదవడం ఇదే మొదటిసారి అన్నాడు.

ఆగస్టు 11

ఈ రోజు అమ్మ రెండు జొన్నరొట్టెలు తిన్నది.

సెప్టెంబర్ 2

మర్దన హకీం సాబ్‌ది. గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి జరపమన్నది డాక్టర్ గారు. అమ్మ ఏడుస్తూనే రోజూ చేసింది. ఈ రోజు చెయ్యి తల దాటి నిటారుగా లేచింది. డాక్టర్ గారు స్టూడెంట్లను పిలిచి చూపించారు. ఇది మా ఘనతా, హకీం గారి ఘనతా అని నవ్వుతూ అడిగారు.

"ఎత్తింది నేను గద" అన్నది అమ్మ.

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఈమె నా కన్నతల్లి అని వార్డులో ఒక్కొక్కరికీ చెప్పాలనిపించింది. చాలామందికి చెప్పాను.

అక్టోబర్ 19

సుగుణమ్మ పోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన ఈ నెల రోజులుగా అమ్మ రోజూ పాలు తీసుకొని వెళ్ళి, నేను నేర్పినట్టు డ్రెస్సింగ్ చేసి వచ్చేది. ఈ రోజు చెంబు అట్లాగే తిరిగి తెచ్చింది. "నాకన్న మస్తు చిన్నది" అన్నది. అంతే.

పాడె వెంట అన్న కూడా నడిచాడు. ఎవరూ పొమ్మనలేదు.

1942 ఫిబ్రవరి 8, ఆదివారం

పక్కింటి ఆండాలుకు గడ్డ. చిన్నదే. కత్తి అంటే భయపడి మా వాకిట్లో కూర్చుని ఏడుస్తోంది. పట్టపగలు, అమ్మ కొంగు తీసి, రవిక విప్పి, మచ్చ చూపించింది. ఆండాలు చెయ్యి పట్టుకొని దాని మీద పెట్టుకుంది.

ఎవరైనా చూస్తారని నేను తలుపు వేయడానికి లేచాను. వేయలేదు.