సద్ది అక్క ఎంబడే వస్తది

నవంబర్ 9, ఆదివారం

చిల్పూర్ గుట్ట. ఇంటికొచ్చి కాళ్లు కూడా కడుక్కోలేదు, ముందు ఇది రాయాలి. మా నడక క్లబ్బు వాళ్లంతా పైకి ఎక్కారు, ఫొటోలు దిగారు, సద్ది విప్పారు, తిన్నారు. సుజాతక్క ఇంకా మెట్ల మీదే ఉంది. ఆమె వచ్చేసరికి గిన్నె అడుగున నాలుగు పులిహోర మెతుకులు, ఎండుమిరపకాయలు.

"నాకు ఆకలైతలేదు తమ్మీ" అంది. అబద్ధం. పొద్దున ఒట్టి చాయ తాగి బయల్దేరిన మనిషి.

అక్క కోసం ఎందుకు ఆగలేదని వ్యానులో శ్రీధర్ సార్‌నే అడిగాను. క్లబ్బు పెట్టింది ఆయన కదా. "గుంపన్నంక జర స్పీడ్ ఉండాలె యాకయ్యా" అన్నాడు. గుంపంటే అందరూ అనుకున్నాను నేను.

నవంబర్ 10

గేటు వెల్డింగ్ చేస్తున్నా అదే ఆలోచన. పక్క కొట్టులో అక్క కుట్టు మిషను చప్పుడు. మోకాళ్లకు నడక మంచిదన్నది దవాఖానలో డాక్టరమ్మ. క్లబ్బుకు రమ్మన్నది నేను. జనగామ పార్కు గోడకు వాళ్లు అంటించిన కాగితంలో ఏముంది — 'నడవాలనుకునే ఎవరైనా'. బడి మానేశాక చదువు నాకు నేనే నేర్చుకున్నాను. 'ఎవరైనా' అంటే ఏంటో తెలుసు.

నవంబర్ 23, ఆదివారం

జఫర్‌గఢ్ కోట గుట్ట. ఎక్కకముందే సార్ — "నువ్వు ఈడ నీడకు కూసో అక్కా. బ్యాగులు జర చూస్కో."

అక్క తల ఊపింది. నేను నోరు మూసుకుని ఎక్కాను. ఎందుకు మూసుకున్నానో...

పైన మంచి గాలి. చేలు, చెరువు, ఊరు, అన్నీ కనబడుతున్నాయి. నా కళ్లు మాత్రం కిందే. ఆకుపచ్చ చీర బ్యాగుల దగ్గర లేదు. గుట్ట కింది అంచు వెంట నడుస్తోంది. ఒక్కతే. ఆగి, మళ్లీ నడిచి.

దిగాక ఎక్కడికి పోయావని అడిగాను. "కూసోనీకి వచ్చిన్నా ఏంది? సుట్టు తిరిగొచ్చిన."

"మరి బ్యాగులు?"

"వాటికేమన్న కాళ్లున్నయా, పోనీకి."

డిసెంబర్ 3

గ్రూపులో సార్ మెసేజి. ఈసారి మానుకోట వైపు, బయ్యారం గుట్టలు. నెమ్మదిగా నడిచేవారు పరిస్థితి అర్థం చేసుకోవాలని మనవి. కింద వరసగా బొటనవేళ్లు.

'ఎవరి పరిస్థితి?' అని పెట్టాను. అందరూ చూశారు.

అక్కకు చెప్పాను — వస్తున్నావ్. అంతే.

డిసెంబర్ 7, ఆదివారం

నవ్వొస్తోంది, కోపమూ వస్తోంది.

క్లబ్బు పద్ధతి ఒకటుంది. వంట ఒక్కచోటే, అందరి సద్దీ ఒక్కరి వీపు మీదే, ట్రిప్పుకొకరి వంతు. ఇవాళ నా వంతు. సార్ తన చేతులతోనే సంచి నా భుజాలకెత్తాడు. బాగా నడుస్తానని. ఆ తర్వాత అక్క వైపు తిరిగి మళ్లీ అదే — నీడ, బ్యాగులు. అక్క చెప్పులు బిగించుకుంది. నేను ఆమె వెనక నడిచాను. వెనకే. ఆమె ఆగితే ఆగాను.

సగం దారిలో ఫోన్. "యాడున్నవయ్యా? కడుపుల ఎలుకలు ఉరుకుతున్నయ్."

"అక్క ఎనుకున్న సార్."

"సద్ది తీస్కొని నువ్వు ముందుగాల రా."

"సద్ది అక్క ఎంబడే వస్తది."

పెట్టేశాను. అక్క మొహం మాడిపోయింది. "వద్దు తమ్మీ. నన్ను తిట్టుకుంటరు."

"ఇప్పుడేమన్న మెచ్చుకుంటున్నరా?"

నవ్వింది. నవ్వుతూ రాయి మీద కూలబడింది. ఇంకాస్త ఆలస్యం. కానివ్వు.

పైకి చేరేసరికి అందరూ రాళ్ల మీద, వాడిన మొహాలతో. మొదటి విస్తరి అక్కకే పెట్టాను. సార్ నా వైపు చూడకుండా తిన్నాడు. క్లబ్బు వాళ్లందరిలోకీ పద్మ టీచరే, చెయ్యి కడుక్కుంటూ, మెల్లగా — "ఇయ్యాలనే అందరం కల్సి తిన్నం."

డిసెంబర్ 8

సార్ షాపుకొచ్చాడు. నిలబడే మాట్లాడాడు. భూపాలపల్లి దగ్గర పాండవుల గుట్టకు నన్నే ముందు నడిపిస్తాడట. దారి నేను చూపాలట. "నీల ఆ సత్తా ఉన్నది. అక్కకు నువ్వే జర నచ్చజెప్పు, ఇంటికాడ ఉండమను."

ఆశపడ్డాను. రాసుకోవాలి ఇది. ఒక్క నిమిషం నిజంగానే ఆశపడ్డాను. వెనక ఇంతమంది, ముందు నేను. జీవితంలో ఎవరూ నన్ను ముందు నడవమనలేదు.

"అక్క రాకుంటే నేను రాను సార్" అన్నాను. అనగానే తప్పనిపించింది. మార్చుకున్నాను. "కాదు. అక్క వస్తది. నేనూ వస్త."

సార్ బండి స్టార్ట్ చేసుకుని పోయాడు.

డిసెంబర్ 20

గ్రూపులోంచి నన్ను తీసేశారు. అక్కను కూడా. రేపే పాండవుల గుట్ట ట్రిప్పు.

అక్క కత్తెర పక్కన పెట్టి అడిగింది — "ఆ గుట్టకు బస్సు పోతదా?"

డిసెంబర్ 21, ఆదివారం

హనుమకొండలో బస్సు మారాం. ఆడవాళ్లకు బస్సు ఉచితం కదా, అక్కకు జీరో టికెట్, నాకు డబ్బులు. "నువ్వు గూడ చీర కట్టుకుంటే పాయె" అంది.

పాండవుల గుట్ట. క్లబ్బు వ్యాను మాకంటే ముందే వచ్చి ఉంది. గుట్ట మొదట్లో పద్మ టీచర్ ఒక్కతే నీళ్ల సీసాతో నిలబడి ఉంది. వాళ్లతో ఎక్కలేదట. "పోదాం పాండ్రి" అంది.

ముగ్గురం. ఇది రాస్తున్నది సగం గుట్ట మీద, అక్క ఊపిరి తీసుకునేంతలో. రెండు బండల మధ్య సందు, ఒక్క మనిషి పట్టేంత. పైనుంచి సార్ దిగి వస్తున్నాడు, విసవిసా, మా వైపే. ఆపడానికో, తీసుకుపోవడానికో తెలియదు. మొహం ఇంకా కనబడటం లేదు.

లేచి ముందు నిలబడబోయాను. అక్క నా భుజం పట్టుకుని లేచింది, నన్ను వెనక్కి నెట్టి సందులో అడుగు పెట్టింది. ఆమె వెనక నిలబడే ఇది రాస్తున్నాను.

"రానియ్. తొవ్వ ఇరుకున్నది, ఆయననే జరగమందాం."