బొట్టు ఉన్న లేయర్

డిసెంబర్ 9

చలి. మౌస్ పట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతున్నాయి. నేను డిజైన్ చేసిన కోచింగ్ సెంటర్ ర్యాంకుల ఫ్లెక్సీ మార్పులకని మళ్లీ తిరిగొచ్చింది. లోగో ఇంకా పెద్దది కావాలట.

కింద ఉండే ఇంటి ఓనర్ కౌసల్య ఆంటీ వచ్చి పోచంపల్లి దుప్పటి భుజాల మీద కప్పింది. గా కంప్యూటర్ ఏమన్న పొయ్యా బిడ్డా, దాని ముంగటనే కూసుంటవ్ అంది.

డిసెంబర్ 12

ఆంటీ భర్త దశరథ గారు పోయారు. గుండెపోటు.

డిసెంబర్ 13, మధ్యాహ్నం

వాళ్లబ్బాయి నరేష్‌కుమార్ పైకి వచ్చాడు. ఎల్బీ నగర్‌లో చీరల షాపు. నాకొచ్చే పనిలో సగం ఆ షాపుదే. షాపు ముందు కట్టడానికి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కావాలన్నాడు. మధ్యలో పెద్దాయన, కింద వరసలో ఇంట్లోవాళ్లు.

అంతా అయ్యాక, అమ్మ బొట్టు తీసెయ్యి చెల్లె అన్నాడు. నాయిన పోయినంక బొట్టుతోని ఏస్తే మంది ఏమంటరు అన్నాడు.

ఆంటీని అడిగారా అని అడగాల్సింది. అడగలేదు. పైన ఒక లేయర్ వేసి చర్మం రంగుతో కప్పేశాను. నిమిషం పని. మస్తు నీట్‌గ చేసినవ్ అన్నాడు. థాంక్స్ అన్నాను.

సాయంత్రం

కిందికి వెళ్లాను. ఆంటీ నొసట బొట్టు ఉంది. పదకొండో రోజు, దినం నాడు తీస్తారట. నేను ముందే తీసేశాను.

డిసెంబర్ 15

ఆంటీ పైకి వచ్చింది. ఎవరో ఫ్లెక్సీ ఫోటో వాట్సాప్‌లో పంపారు. ఫోన్ నా ముందు పెట్టి, గిది నువ్వే చేసినవా అంది. అవునన్నాను.

నన్నొక్క మాట అడిగితే ఏం పోతుండె అంది. గీ బొట్టు చిన్నప్పుడు మా అమ్మ పెట్టింది, గాయనతోని రాలే, గాయనతోని పోదు, దినం నాడు గూడ తియ్య, మళ్ల పెట్టు అంది.

ఫైల్ డిలీట్ అయిపోయింది ఆంటీ అన్నాను.

అబద్ధం. బొట్టు కింది లేయర్‌లో అలాగే ఉంది. పై లేయర్ పక్కన కన్ను గుర్తు నొక్కితే కనిపిస్తుంది. నరేష్‌కుమార్ ఇచ్చే పని పోతుందని భయపడ్డాను.

వెళ్తూ, అన్నం తిన్నవా బిడ్డా అని అడిగింది.

డిసెంబర్ 17

ఆంటీ దుప్పటి కప్పుకోలేదు.

డిసెంబర్ 19

ఎల్బీ నగర్ వెళ్లాను. ఫ్లెక్సీ మంచుకు తడిసి ఉంది. ఆంటీ ఫోటో నొసట ఎర్రటి స్టిక్కర్. కొంచెం ఎడమకు జరిగింది.

షాపులో పనిచేసే జ్యోతికను అడిగాను. పెద్దమ్మ మైలలనే ఆటో ఎక్కి ఒచ్చిందక్కా అంది. స్టూల్ ఏపిచ్చుకొని ఎక్కిందట. అన్న ఒద్దంటుంటే, నీ మొఖానికి గూడ ఒకటి అంటించాల్నారా అన్నదట. చెబుతూ నవ్వింది. లోపల నరేష్‌కుమార్ ఉన్నాడని నవ్వు ఆపుకుంది.

నాకు నవ్వు రాలేదు.

డిసెంబర్ 22

దినం. ఆంటీ నొసట బొట్టు ఉంది.

పొద్దున కన్ను గుర్తు నొక్కాను. కొత్త ఫ్లెక్సీ ప్రింట్ చేయించి, నరేష్‌కుమార్‌ని అడక్కుండా షాపు ముందు నేనే కట్టాను. ఫోటో తీసుకొచ్చి ఆంటీకి చూపించాను.

ఫైల్ దొరికిందా బిడ్డా అంది.

దొరికిందన్నాను.