పైడయ్య శెట్టి గారి కాలేజీ

లంబాలైన్,
శుక్రవారం.

గోవిందు మావయ్యకు నమస్కారాలు.

వండూర్‌లో అత్త, పిల్లలు కులాసా అని తలుస్తాను. నాకు సముద్రం అవతల మెయిన్‌లాండ్‌లో పైడయ్య శెట్టి వ్యాపార కళాశాలలో సీటు వచ్చింది. ఆ సంతోషం చెబుదామనే కాగితం తీశాను గాని, ముందు ఇంకో సంగతి అడగాలి.

కాలేజీవాళ్లు పంపిన పుస్తకం అమ్మమ్మకు చదివి వినిపించాను. శెట్టిగారు జనపనార మిల్లు పెట్టి, పోయిన శతాబ్దంలోనే తెలుగు పిల్లలకు వ్యాపారం నేర్పే మొదటి బడిగా ఈ కాలేజీ కట్టించారని, కొన్నేళ్లకు హఠాత్తుగా మరణించారని అందులో ఉంది. చేపలు కోస్తున్న అమ్మమ్మ కత్తిపీట పక్కకు జరిపింది.

"హఠాత్తుగా కాదు బేటీ. ఆయన్ని సంపింది మా అయ్యే."

అమ్మమ్మ వాళ్ల అయ్య, అంటే మీ తాత, చేపల వేటకే ఈ దీవులకు వచ్చాడని కదా మాకు చెప్పావు? నీకు తెలిసే అలా చెప్పావా మావయ్యా? మీ తాత తమ్ముడు మిల్లులో మెషీన్లో పడితే, మెషీన్ ఆపడానికి శెట్టిగారు ఒప్పుకోలేదట. ఆ కోపంలో మీ తాత ఇనప కడ్డీతో కొట్టాడట. అందుకే ద్వీపాంతర శిక్ష వేసి ఇక్కడికి, కాలాపానీకి పంపారట.

నేను ఆ కాలేజీకి వెళ్లనన్నాను. అమ్మమ్మ కసిరింది.

"ఎందుకెల్లవు? ఎల్లు. ఎల్లి, ఆ శెట్టిగారికి పిల్లలుండీవోరేమో కనుక్కో. సచ్చిపోయేదాకా మా అయ్య అదే అడిగీవోడు."

ఆ మాట అక్కడ ఎవరిని అడగాలో, అడిగితే నేనెవరినని చెప్పుకోవాలో తెలియడం లేదు. సోమవారం ఓడ. జెట్టీకి తప్పకుండా రా.

నీ మేనకోడలు