రెండింటికీ తలూపాను

కంపాలా, బుధవారం

అమ్మమ్మా, నేను క్షేమం. కంగారుపడకు. పోయిన సెమిస్టరులో ప్రోగ్రామింగు తప్పినా ఇంకా కంప్యూటర్ ఇంజనీరింగులోనే ఉన్నాను. అంతా డాక్టర్ కిసాక్యే మేడమ్ చలవ. మాలో ఎవరు ఏ కోర్సులు చదవాలో చూసి సలహా చెప్పేది ఆవిడే. నిన్న పిలిస్తే వెళ్ళి, నువ్వు నేర్పినట్టే పెద్దవాళ్ళ ముందు మర్యాదగా గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చున్నాను.

"వేరే శాఖకి మారిపోతావా?" అన్నారు. తలూపాను.

"పోనీ, ఇక్కడే ఉంటావా?" అన్నారు. దానికీ తలూపాను.

ఆవిడ పకపకా నవ్వేశారు. "ఓసి పిచ్చిదానా, క్లాసులోనూ అర్థమైందని ఇలాగే తలూపావు కదూ! లే, ఆ కుర్చీలో కూర్చుని నోటితో చెప్పు."

పెద్దవాళ్ళకి మొదటిసారి ఎదురు చెప్పాను అమ్మమ్మా. "మారను మేడమ్. నాకు పాఠం అర్థం కాలేదు, అంతే."

అప్పుడు ఈ సెమిస్టరులో ఒక బరువైన కోర్సు తీసేసి, తప్పినదాన్ని మళ్ళీ పెట్టారు. "ప్రతి శుక్రవారం రా. ప్రశ్న లేకుండా వస్తే తలుపు తియ్యను" అన్నారు.

ఆరబోసిన కాఫీ వానకి తడిసిందా? మేక ఈనిందా? మన మసాకా నుంచి ఎవరైనా ఇటు బస్సులో వస్తుంటే మేడమ్‌కి మన తోటలోది ఒక అరటిగెల పంపు. చెల్లి నంటెజా లెక్క అర్థం కాలేదంటే దాన్ని కసరొద్దని అమ్మకి చెప్పు. ఆ మాట నోట రావడానికి నాకు ఇంతకాలం పట్టింది.

మేడమ్ ముందు కుర్చీలో కూర్చున్నానని కోప్పడకు. ఈ కార్డు మాత్రం మోకాళ్ళ మీద కూర్చునే రాస్తున్నాను.

నీ మనవరాలు,
నబకూజా